ఆస్తి, జీతం, సంతకం: ఆడవాళ్ల హక్కుల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నేను పదిహేనేళ్లుగా ఒక లాయరు గారి ఆఫీసులో పని చేస్తున్నాను. మా దగ్గరికి వచ్చే కాగితాల్లో సగం పంపకాల తగాదాలే. కూతుళ్లు, కోడళ్లు, భర్త పోయినవాళ్లు, ఉద్యోగం పోయినవాళ్లు వచ్చి కూర్చుంటారు. ఊళ్లు వేరైనా అడిగే ప్రశ్నలు మాత్రం ఇంచుమించు ఒకటే. ఈ విషయంలో తేదీలే ప్రాణం. ఏ చట్టం ఎప్పుడు వచ్చిందో తెలియకపోతే మీ వాటా ఎంతో తేలదు. అందుకే జవాబుల్లో చరిత్ర కూడా కలిపి రాశాను.

పాతకాలంలో మన ఆడవాళ్లకు అసలు ఆస్తే లేదా?

ఉండేది. దాని పేరు స్త్రీధనం. పుట్టింటివాళ్లు పెట్టిన నగలు, పెళ్లిలో వచ్చిన కానుకలు, మన వైపైతే పసుపు కుంకుమల కింద రాసిచ్చిన పొలం ఇందులోకి వస్తాయి. మా అమ్మమ్మకు అలా ఎకరం మాగాణి ఇచ్చారు. ఆ పొలం ఎవరిదంటే ఎప్పుడూ ఆమె పేరే చెప్పేవారు, కానీ శిస్తు కట్టింది, కౌలు తీసుకున్నది ఆమె అన్నగారు. ఏటా సంక్రాంతికి ఒక బస్తా బియ్యం, ఒక చీర వచ్చేవి. కాగితం ఎలా ఉంటుందో ఆమె ఒక్కసారి కూడా చూడలేదు.

కష్టపడి సంపాదించుకున్న డబ్బు సంగతి వేరు. పనితనంతో ఆడది సంపాదించిన ధనం మీద భర్తకే స్వామ్యం అని కాత్యాయన స్మృతి అనే పాత ధర్మశాస్త్రం చెబుతుంది. అంటే ఒకరు ఇచ్చింది ఆమెదే గానీ, చేతి కష్టంతో వచ్చింది ఆమెది కాదన్నమాట. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కింద 1956 చట్టం దగ్గర మళ్లీ వస్తుంది.

భర్త చనిపోతే ఏం దక్కేది?

ఉమ్మడి కుటుంబమైతే తిండి, బట్ట, ఉండటానికి చోటు. దీన్నే మనోవర్తి అంటాం. మళ్లీ పెళ్లి చేసుకునే హక్కు 1856లో వచ్చింది గానీ, అదే చట్టం ప్రకారం మళ్లీ పెళ్లి చేసుకున్న రోజున మొదటి భర్త ఆస్తిలో ఉన్నది పోతుంది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఉన్న చట్టం ఇదే. ఆ పెళ్లిపీటల మీద కూర్చున్న ఆడపిల్లల ధైర్యం ఎంతటిదో ఈ ఒక్క విషయం చాలు చెప్పడానికి.

1937లో వచ్చిన హిందూ స్త్రీల ఆస్తి హక్కు చట్టం భర్త వాటాలో కొడుకుతో సమానంగా భార్యకు భాగం ఇచ్చింది. కానీ బతికున్నంతకాలం అనుభవించడానికే. అమ్మడానికి లేదు, ఇష్టమైనవాళ్లకు రాసివ్వడానికి లేదు. ఆమె పోయాక అది తిరిగి భర్త వారసులకు వెళ్తుంది.

1956 చట్టం ఏం మార్చింది? తులసమ్మ కేసు అంటారు, అదేమిటి?

హిందూ వారసత్వ చట్టం 1956 జూన్ 17న అమల్లోకి వచ్చింది. దాని 14వ సెక్షన్ ఆడవాళ్ల చేతిలో ఉన్న ఆస్తికి వాళ్లనే పూర్తి యజమానులను చేసింది. ఆస్తి అంటే ఏమేమిటో చెబుతూ, తన నేర్పుతో, శ్రమతో సంపాదించుకున్నది కూడా అని విడిగా రాశారు. కాత్యాయనుడు భర్తకు అప్పగించిన దాన్ని ఈ వాక్యం ఆమె చేతిలో పెట్టింది. నాకు ఈ చట్టం మొత్తంలో అన్నింటికన్నా ఇష్టమైన చోటు ఇది.

కాగితం మీద ఉన్నది చేతికి రావడానికి ఎంతకాలం పట్టిందో నెల్లూరు తులసమ్మ కేసు చూస్తే తెలుస్తుంది. ఆమె భర్త 1931లో పోయారు. ఆయన సవతి సోదరుడితో ఉమ్మడిగా ఉండగానే పోయారు. 1944లో ఆమె మనోవర్తి కోసం కోర్టుకెక్కింది. ఫీజు కట్టే స్తోమత లేదని, నిరుపేదగా దావా వేయడానికి అనుమతి అడిగింది. డిక్రీ వచ్చింది. 1949లో రాజీ కుదిరి కొన్ని ఆస్తులు ఆమెకు ఇచ్చారు, బతికున్నంతవరకే, అమ్మకూడదు అన్న షరతుతో. 1960లో ఆమె కొంత ఆస్తి లీజుకిచ్చింది, 1961లో కొంత అమ్మింది. వెంటనే మరిది కోర్టుకు వెళ్లారు, అమ్మే హక్కు ఈమెకెక్కడిది అని.

మున్సిఫ్ కోర్టులో ఆమె ఓడింది. జిల్లా కోర్టులో గెలిచింది. హైకోర్టులో మళ్లీ ఓడింది. ఇరుక్కున్నదంతా ఒక్క పాయింట్ దగ్గర. 14వ సెక్షన్‌లోనే రెండో భాగం ఒకటుంది. షరతులతో ఇచ్చిన ఆస్తికి ఆ షరతులే వర్తిస్తాయని అది చెబుతుంది. రాజీపత్రంలో షరతు ఉంది కదా అని అవతలివాళ్ల వాదన. 1977 మార్చిలో సుప్రీంకోర్టు ఏమందంటే, మనోవర్తి ఆమెకు ఎవరో దయతో కొత్తగా ఇచ్చింది కాదు, ముందు నుంచీ ఉన్న హక్కు. ఆ హక్కు కింద వచ్చిన ఆస్తికి ఆమె పూర్తి యజమాని. షరతు చెల్లదు.

భర్త పోయిన 46 ఏళ్లకు వచ్చిన తీర్పు అది. మనోవర్తి కింద ఇచ్చిన పొలాల కేసుల్లో ఇప్పటికీ లాయర్లు మొదట చెప్పేది ఆమె పేరే.

కూతురికి కొడుకుతో సమాన వాటా 1956లోనే వచ్చిందా?

లేదు, చాలామంది ఇక్కడే పొరబడతారు. తండ్రి స్వార్జితంలో, ఆయన వీలునామా రాయకుండా పోతే, సమాన వాటా వచ్చింది. పిత్రార్జితంలో, అంటే తాతముత్తాతల నుంచి వచ్చిన ఉమ్మడి ఆస్తిలో, రాలేదు. పిత్రార్జితంలో కొడుకుకు పుట్టుకతోనే వాటా, కూతురికి తండ్రి వాటాలో ముక్క మాత్రమే.

లెక్క వేసి చూపిస్తాను. తండ్రి, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారనుకోండి. తల్లి ముందే పోయింది. తొమ్మిదెకరాల పిత్రార్జితం. తండ్రి పోయినప్పుడు ముందు మగవాళ్లు ముగ్గురికీ తలా మూడెకరాలు పంచినట్టు లెక్క కడతారు. తర్వాత తండ్రి మూడెకరాలను పిల్లలు ముగ్గురికీ పంచుతారు. కొడుకులకు తలా నాలుగెకరాలు, కూతురికి ఒక్క ఎకరం. ఇప్పటి చట్టం ప్రకారం అదే తొమ్మిదెకరాల్లో ముగ్గురికీ తలా మూడు.

నిజానికి హిందువుల పెళ్లి, వారసత్వ నియమాలను ఒక్కచోట చేర్చాలనుకున్న హిందూ కోడ్ బిల్లు అసలు చిత్తులో కూతుళ్లకు ఇంకా గట్టి హక్కులే ఉన్నాయి. రాజ్యాంగ సభలో మన రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి ఆ బిల్లు వైపు గట్టిగా నిలబడ్డారు. వ్యతిరేకత ఎక్కువై బిల్లు ఆగిపోయింది. 1951లో అంబేడ్కర్ గారు న్యాయశాఖ మంత్రి పదవికి రాజీనామా చేయడానికి చెప్పిన కారణాల్లో ఇదొకటి. తర్వాత ముక్కలు ముక్కలుగా నాలుగు చట్టాలు చేశారు. పిత్రార్జితం ముక్క దగ్గర రాజీపడ్డారు.

ఎన్టీఆర్ తెచ్చిన చట్టం అంటారు, అది ఎవరికి వర్తిస్తుంది?

ఆంధ్రప్రదేశ్ సవరణ చట్టం. అసెంబ్లీ చేసింది 1986లో, అమలు తేదీ మాత్రం 1985 సెప్టెంబరు 5. కొడుకుతో పాటు కూతురికి కూడా పిత్రార్జితంలో పుట్టుకతోనే హక్కు ఇచ్చారు. కేరళ 1975లో ఉమ్మడి కుటుంబ వ్యవస్థనే తీసేసింది. దాన్ని ఉంచుతూనే కూతురిని అందులో భాగస్తురాలిని చేసిన మొదటి రాష్ట్రం మనదే. తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్ర 1994లో అదే దారి పట్టాయి. ఇది మనం గర్వంగా చెప్పుకోవలసిన విషయం. ఎంతమందికి తెలుసో అని మాత్రం బాధగా ఉంటుంది.

ఒక గీత గీశారు. 1985 సెప్టెంబరు 5కి ముందే పెళ్లయిన కూతుళ్లకు వర్తించదు. అంతకుముందే పంపకాలు అయిపోయిన ఆస్తికీ వర్తించదు. ఆ గీత ఎందరి ఇళ్ల మధ్య నుంచి పోయిందో! ఒకే తల్లి కడుపున పుట్టిన అక్కాచెల్లెళ్లలో ఆగస్టులో పెళ్లయిన అక్కకు లేదు, మార్గశిరంలో పెళ్లయిన చెల్లికి ఉంది. మా ఆఫీసులో ఇప్పటికీ శుభలేఖలు పట్టుకుని వచ్చేవాళ్లు ఉన్నారు, పెళ్లి తేదీ రుజువు చేసుకోవడానికి.

మరి 1985కి ముందు పెళ్లయినవాళ్లకు ఇక దారి లేదా?

ఉంది. 2005 సెప్టెంబరు 9న కేంద్రం చేసిన సవరణ అమల్లోకి వచ్చింది. జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి అధ్యక్షతన లా కమిషన్ 2000లో ఇచ్చిన 174వ నివేదిక దీనికి ముందు నడిచింది. ఈ సవరణలో పెళ్లి అయిందా లేదా అన్న తేడా లేదు. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన భాగ పరిష్కార దస్తావేజు (పంపకాల పత్రం) గానీ, కోర్టు తుది డిక్రీ (పంపకం ముగించే తీర్పు) గానీ ఉంటే వాటిని కదపరు.

ఒక చిక్కు మిగిలింది. 2005 నాటికి తండ్రి బతికి ఉండాలా? ఉండాలని 2015లో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. తర్వాతి అయిదేళ్లలో ఎందరో కూతుళ్లు ఖాళీ చేతులతో వెనక్కి వెళ్లారు. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు జడ్జీల ధర్మాసనం ఆ మాట కొట్టేసింది. హక్కు పుట్టుకతో వచ్చేది కాబట్టి 2005కి తండ్రి ఉన్నా లేకపోయినా కూతురికి వాటా ఉంటుంది. "ఎప్పుడో నోటిమాటగా పంచేసుకున్నాం" అంటే మామూలుగా ఒప్పుకోకూడదని కూడా చెప్పింది. ప్రభుత్వ రికార్డుల్లో ఆధారం చూపాలి.

కేసు మధ్యలో ఉన్నవాళ్లకు కోటేశ్వరమ్మ కేసు ముఖ్యం. అది కూడా మన ఆంధ్ర నుంచి వెళ్లిందే. 1999లో పాత లెక్కన ప్రాథమిక డిక్రీ (ఎవరి వాటా ఎంతో తేల్చే తీర్పు) వచ్చింది. తుది డిక్రీ రాకముందే 2005 సవరణ వచ్చింది. ప్రాథమిక డిక్రీని మార్చి కూతుళ్లకు కొత్త లెక్కన వాటా ఇవ్వొచ్చని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది.

మేము ముస్లింలం. మేము క్రైస్తవులం. మాకు?

ముస్లిం కూతురికి కొడుకు వాటాలో సగం. ఆ వాటా చిన్నదే అయినా ఆమెది సంపూర్ణ హక్కు, జీవితకాలపు హక్కు కాదు. పెళ్లిలో భర్త ఇస్తానన్న మెహర్ సొమ్ము పూర్తిగా భార్యదే. క్రైస్తవులకు 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది, అందులో కూతురు, కొడుకు సమానం.

కట్నం ఇచ్చి పెళ్లి చేశాం, మళ్లీ వాటా ఏమిటి అంటున్నారు. ఏం చెప్పాలి?

చట్టం ఎక్కడా కట్నాన్ని వాటాలో చెల్లు వేయమని చెప్పలేదు. ఇవ్వడమే నేరం. కేంద్రం 1961లో చట్టం చేసింది, ఆంధ్రప్రదేశ్ అంతకుముందే 1958లో సొంతంగా వరకట్న నిషేధ చట్టం చేసుకుంది. నేరం చేశాం కాబట్టి వాటా ఇవ్వం అనడం ఏ కోర్టులోనూ నిలబడదు.

ఇంకో సంగతి. 1961 చట్టం ఆరో సెక్షన్ ప్రకారం కట్నంగా వెళ్లింది ఏదైనా మూడు నెలల్లో అమ్మాయికే అప్పగించాలి. నగలు అత్తగారి బీరువాలో ఉంటే అవి అత్తగారివి అయిపోవు. భార్య స్త్రీధనం భర్త దగ్గర ఉంటే అది ఆమె నమ్మి ఉంచినదేనని, తిరిగి ఇవ్వకపోతే నమ్మకద్రోహం కింద కేసు పెట్టొచ్చని 1985లోనే సుప్రీంకోర్టు చెప్పింది. నగల ఫొటోలు, బంగారం కొట్టు బిల్లులు దాచుకోండి. పెళ్లి ఆల్బమ్ కూడా పనికొస్తుంది. మెడలో ఏముందో అందులో కనిపిస్తుంది.

అన్నయ్య సంతకం పెట్టమంటున్నాడు. పెట్టాలా?

ఈ ప్రశ్న వారానికి ఒక్కసారైనా వస్తుంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు బయట చెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, పక్కకు తిరిగి, చిన్న గొంతుతో ఫోన్‌లో అడుగుతారు. లోపల అన్నదమ్ములు, డాక్యుమెంట్ రైటర్ ఎదురుచూస్తుంటారు. "ఊరికే ఫార్మాలిటీ అంటున్నారండీ, లోన్ కోసమట."

ఆ కాగితం పేరు చూడండి. "హక్కు విడుదల దస్తావేజు" అని ఉంటే మీ వాటా మీరు వదులుకుంటున్నారని అర్థం. ఫార్మాలిటీ కాదు. లోపల మీ ఫొటో తీస్తారు, వేలిముద్రలు తీసుకుంటారు, మీకు ఇష్టమేనా అని అడుగుతారు. మీరు తల ఊపితే అయిపోయింది. తర్వాత మోసం చేశారని, బలవంతం చేశారని కోర్టులో రుజువు చేయాలి. అదీ తెలిసిన మూడేళ్లలోపే దావా వేయాలి.

నేనేమీ పెట్టొద్దని చెప్పను. ప్రేమతో తమ్ముడికి వదిలేసినవాళ్లున్నారు, వాళ్లు తెలిసే చేశారు. అమ్మానాన్నను చివరిదాకా చూసుకున్న వదినకు రాసిచ్చినవాళ్లున్నారు. చదవకుండా పెట్టొద్దు. ఇంటికి తీసుకెళ్లి చదువుకుంటానని చెప్పండి. ఆ మాటకే మొహాలు మారిపోతే, అందులో ఏముందో మీకు అర్థమైపోతుంది.

అసలు భయం చట్టం గురించి కాదని నాకు తెలుసు. వాటా అడిగితే పుట్టిల్లు దూరమవుతుందని. రేపు భర్తతో ఏదైనా అయితే వెళ్లడానికి ఒక గడప ఉండాలని, పండక్కి పిలిచి చీర పెట్టేవాళ్లు ఉండాలని. మా అమ్మ కూడా ఆ భయంతోనే వేలిముద్ర వేసింది, చదువు వచ్చి కూడా, సంతకం చేస్తుంటే చెయ్యి వణికిందని. ఆ నీలం సిరా రెండు రోజులు పోలేదు. ఆ తర్వాత మూడేళ్లకే రాకపోకలు తగ్గిపోయాయి.

లాయరు ఫీజు గురించి ఆగిపోకండి. ఆదాయం ఎంతున్నా సరే, ప్రతి ఆడమనిషికీ ఉచిత న్యాయసహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయసేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. 15100 నంబరుకు ఫోన్ చేసినా చాలు.

పెళ్లయ్యాక నా జీతం ఎవరిది?

మీదే. 1874లో వివాహిత స్త్రీల ఆస్తి చట్టం వచ్చింది. పెళ్లయిన ఆడమనిషి సంపాదన ఆమె సొంతమని చెప్పింది. కానీ హిందూ, ముస్లిం, బౌద్ధ, సిక్కు, జైన స్త్రీలకు వర్తించదని అందులోనే రాశారు. అంటే మన దేశంలో దాదాపు అందరినీ వదిలేశారు. హిందూ స్త్రీలకు ఆ మాట చట్టంలో సూటిగా వచ్చింది 1956లోనే.

ఆ 1874 చట్టంలో ఒక్క ముక్క మాత్రం మనకు ముందే దక్కింది. భర్త తన ప్రాణం మీద, భార్యాపిల్లల కోసమని బీమా పాలసీ తీసుకుంటే, ఆ డబ్బు వాళ్లదే. భర్తకు అప్పులిచ్చినవాళ్లు దాన్ని ముట్టుకోలేరు. ఈ సదుపాయం మద్రాసు రాష్ట్రంలో హిందువులకు, ముస్లింలకు 1913 డిసెంబరు 31 తర్వాత తీసుకున్న పాలసీల నుంచే ఉంది. మిగతా దేశానికి 1923లో గానీ రాలేదు. కోస్తా, రాయలసీమ అప్పుడు మద్రాసులోనే ఉన్నాయి కాబట్టి మన ముత్తవ్వల కాలంలోనే ఇది ఇక్కడ ఉందన్నమాట. వ్యాపారం చేసేవాళ్లు, అప్పులతో సాగు చేసేవాళ్లు పాలసీ తీసుకునేటప్పుడే ఈ చట్టం కింద రాయించండి. తర్వాత చేర్చడం కుదరదు. నామినీగా పేరు ఉండటం, ఇది, రెండూ ఒకటి కాదు.

పెళ్లయితే, కడుపొస్తే ఉద్యోగం తీసేసేవారట. నిజమేనా?

నిజమే, అదీ ప్రభుత్వ ఉద్యోగాల్లోనే. విదేశాంగ శాఖలో ఆడ అధికారి పెళ్లి చేసుకోవాలంటే ప్రభుత్వ అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాల్సి వచ్చేది. సంసారం పనికి అడ్డొస్తుందని పైవాళ్లు అనుకుంటే రాజీనామా చేయాల్సి వచ్చేది. 1949లో చేరిన సి.బి. ముత్తమ్మ తనకు ప్రమోషన్ ఆపారని సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ నిబంధనను తీవ్రంగా ఆక్షేపించారు. మగ అధికారికి సంసారం లేదా అన్నదే ఆయన అడిగింది.

1981లో ఎయిరిండియా ఎయిర్‌హోస్టెస్‌ల కేసు. మొదటి గర్భంతోనే ఉద్యోగం పోయే రూలును కోర్టు కొట్టేసింది. చేరిన నాలుగేళ్లలోపు పెళ్లి చేసుకోకూడదన్న రూలును మాత్రం సమర్థించింది. అంత గొప్ప తీర్పులోనూ ఈ మరక ఉంది.

నన్ను అన్నింటికన్నా కలచివేసింది 1991లో తీర్పు వచ్చిన నీరా మాథుర్ కేసు. జీవిత బీమా సంస్థలో చేరేటప్పుడు నింపాల్సిన ఫారంలో నెలసరి సరిగా వస్తుందా, చివరిసారి ఎప్పుడు వచ్చింది, ఇప్పటిదాకా ఎన్ని కాన్పులు అని అడిగారు. ఆమె ప్రొబేషన్‌లో ఉండగా కాన్పు సెలవు తీసుకుంటే, ఫారంలో తప్పు చెప్పిందని తీసేశారు. సుప్రీంకోర్టు ఉద్యోగం తిరిగి ఇప్పించింది, ఆ ప్రశ్నలు ఫారం నుంచి తీసేయమంది.

వీటన్నిటికీ ముందు, 1940ల్లో, అయ్యలసోమయాజుల లలిత అనే తెలుగు ఆడపిల్ల ఉంది. 18 ఏళ్లకే భర్త పోయారు, చేతిలో నెలల పిల్ల. అప్పుడామె మద్రాసు గిండీ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి దేశంలోనే తొలితరం మహిళా ఇంజనీర్లలో ఒకరయ్యారు. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. పిల్లను పెంచుకుంటూ కలకత్తాలో ఉద్యోగం చేశారు.

ప్రభుత్వ ఉద్యోగాల్లో ఆడవాళ్ల రిజర్వేషన్ ఎప్పుడు వచ్చింది?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1984లో, 30 శాతం. ఇది చెల్లదని కోర్టుకు వెళ్తే, ఆడవాళ్లకు ప్రత్యేక ఏర్పాట్లు చేయొచ్చనే రాజ్యాంగం 15(3) ప్రకారం చెల్లుతుందని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. మరుసటి ఏడాది దాన్ని మూడింట ఒక వంతు చేశారు.

రాత్రి షిఫ్టు చేయొచ్చా?

1948 ఫ్యాక్టరీల చట్టం రాత్రి 7 నుంచి ఉదయం 6 వరకు ఆడవాళ్లను పనిలో పెట్టకూడదంది. రక్షణ కోసమని పెట్టినా, షిఫ్టు అలవెన్సులు, ప్రమోషన్లు దానితోనే పోయాయి. 2000లో మద్రాసు హైకోర్టు, తర్వాత మన హైకోర్టు ఆ నిబంధన చెల్లదన్నాయి. పాత కార్మిక చట్టాలను కలిపి చేసి, 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి తెచ్చిన లేబర్ కోడ్‌ల ప్రకారం ఆమె ఒప్పుకుంటేనే రాత్రి పని చేయించాలి, భద్రత చూడటం యజమాని బాధ్యత. "ఒప్పుకుంటేనే" అన్న మాట మీదే. చేరిన రోజున పెట్టించుకునే బొత్తి కాగితాల్లో అది కలిసిపోకుండా చూసుకోండి. గనుల్లో భూగర్భంలోకి ఆడవాళ్లు దిగకూడదన్న నిషేధాన్ని కేంద్రం 2019లో సడలించింది.

మగకూలీకి ఎక్కువ, ఆడకూలీకి తక్కువ. ఇది చట్టవిరుద్ధం కాదా?

కచ్చితంగా చట్టవిరుద్ధమే. 1975లో ఆర్డినెన్సు, 1976లో సమాన వేతన చట్టం వచ్చాయి. ఇప్పుడది వేతనాల కోడ్‌లో కలిసింది. 1987లో ఆడ్రీ డికోస్టా అనే స్టెనోగ్రాఫర్ తన కంపెనీ మగ స్టెనోలకు ఎక్కువ ఇస్తోందని పోరాడి సుప్రీంకోర్టులో గెలిచారు. కంపెనీకి కట్టే స్తోమత లేదన్న సాకు కుదరదని కోర్టు చెప్పింది.

పొలంలో అడ్డం తిప్పే మాట వేరే ఉంటుంది. "నాట్లు తేలిక పని, మగవాళ్లది బరువు పని" అంటారు. బురదలో పొద్దున్నుంచి నడుం వంచి నాటేసిన మనిషి సాయంత్రం నడుం ఎత్తలేక గట్టు మీద చేతులు ఆనించి లేవడం చూసినవాళ్లెవరూ అది తేలిక పని అనరు.

ఆడ, మగ ఒకే రేటుకు పని చేయడం మన పల్లెల్లో పెద్ద ఎత్తున మొదలైంది ఉపాధి హామీతో. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆ పథకాన్ని ప్రారంభించారు. మస్టర్‌లో ఎవరి పేరు వాళ్లది, కొలతను బట్టి ఒకే రేటు. లబ్ధిదారుల్లో కనీసం మూడో వంతు ఆడవాళ్లు ఉండాలని చట్టంలోనే రాశారు. ఆ రేటు చూపించి పక్క పొలంలో కూడా బేరం ఆడగలిగామని చాలామంది చెబుతారు.

కాన్పు సెలవు ఎన్ని రోజులు? కాంట్రాక్టు వాళ్లకు కూడా ఉందా?

మొదట బొంబాయి 1929లో చట్టం చేసింది, కొన్నేళ్లకు మద్రాసు. దేశమంతటికీ 1961లో, 12 వారాలు. 2017 నుంచి మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు, ఆ పైన 12 వారాలు. కాన్పు తేదీకి ముందు ఏడాదిలో 80 రోజులు పని చేసి ఉంటే చాలు. ఇప్పుడివి సామాజిక భద్రత కోడ్‌లో ఉన్నాయి.

కాంట్రాక్టు, రోజుకూలీ అన్న తేడా లేదు. ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్‌లో రోడ్లు వేసే మస్టర్ రోల్ కూలీలకు కూడా ఇవ్వాల్సిందేనని 2000లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. "నువ్వు పర్మినెంట్ కాదు కదమ్మా" అంటే ఆ తీర్పు చూపించండి. సెలవులో ఉండగా తీసేయడం నేరం.

ఆఫీసులో వేధిస్తే?

దీనికి రెండు ఆధారాలున్నాయి: సుప్రీంకోర్టు 1997లో ఇచ్చిన విశాఖ తీర్పు, పనిచోట వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం. పది మంది గానీ, అంతకు మించి గానీ పని చేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. అది లేనిచోట పని చేసేవాళ్లకు, ఇళ్లలో పని చేసేవాళ్లకు జిల్లాలో స్థానిక కమిటీ ఉంటుంది. మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. తేదీలు, మెసేజ్‌లు తీసేయకుండా దాచుకోండి. టెన్షన్‌లో చాలామంది మొదట చేసే పని ఫోన్‌లో అన్నీ డిలీట్ చేయడం, అది మాత్రం చేయొద్దు.

పొదుపు సంఘాలు ఎలా మొదలయ్యాయి?

బడ్జెట్‌లలో డ్వాక్రా పేరు 1982 నుంచి ఉంది. ఊపు వచ్చింది నెల్లూరు జిల్లా నుంచి. 1991, 92ల్లో అక్షరాస్యత ఉద్యమంలో రాత్రిళ్లు పలకలు పట్టుకున్న ఆడవాళ్లే దూబగుంటలో సారా దుకాణం మూయించారు. రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే డబ్బు మిగిలింది కదా, రోజుకో రూపాయి దాచుకుందాం అన్నదే పొదుపు లక్ష్మి. 1992లో గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డు సంఘాలకు బ్యాంకు రుణాలు మొదలుపెట్టింది. హామీగా పొలం అక్కర్లేదు, పదిమంది ఒకరికొకరు హామీ.

మా అమ్మ మొదటిసారి బ్యాంకు గడప తొక్కింది గ్రూపు సెకండ్ లీడర్‌గానే. ఉతికి ఇస్త్రీ చేసిన చీర కట్టుకుని, తీర్మానం పుస్తకం ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వెళ్లింది. వేలిముద్ర వేసిన అదే అమ్మ నెల రోజులు నోటుబుక్కులో సంతకం దిద్దుకుంది.

కష్టాలూ వచ్చాయి. ప్రైవేటు మైక్రో ఫైనాన్స్ కంపెనీలు వారం వారం కిస్తీలతో ఇళ్ల మీదికి వచ్చి, గ్రూపులో ఒకరు కట్టకపోతే మిగతావాళ్లను ఆమె ఇంటి ముందు కూర్చోబెట్టేవి. ఆత్మహత్యలు జరిగాక 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఇళ్ల దగ్గర వసూళ్లు ఆపించింది. ఏ అప్పైనా ఎవరిచ్చారు, వడ్డీ ఏడాదికి ఎంత అన్నది కాగితం మీద అడగండి.

పిల్లల పేరున డిపాజిట్‌కు తల్లి సంతకం చెల్లుతుందా?

చెల్లుతుంది. చాలాకాలం తండ్రి ఉండగా తల్లి సంరక్షకురాలు కాదనేవారు. ఒక తల్లి కొడుకు పేరున బాండ్లకు పెట్టుకున్న దరఖాస్తును తండ్రి సంతకం లేదని తిప్పి పంపితే, ఆమె సుప్రీంకోర్టుదాకా వెళ్లి 1999లో గెలిచింది.

పిల్లలు లేని ఆడమనిషి చనిపోతే ఆమె సంపాదన ఎవరికి?

ఇది తక్కువమంది అడుగుతారు, అందరూ అడగాల్సిన ప్రశ్న. హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం పిల్లలు, భర్త లేకపోతే ముందు భర్త వారసులకు వెళ్తుంది. ఆమె తల్లిదండ్రులు ఆ తర్వాతే. పుట్టింటి నుంచి వచ్చిన ఆస్తి ఒక్కటే పుట్టింటికి తిరిగి వెళ్తుంది.

నారాయణీదేవి అనే ఆమెకు పెళ్లయిన మూడు నెలలకే భర్త పాముకాటుతో పోయారు. అత్తింటివాళ్లు వెళ్లగొట్టారు. తల్లిదండ్రులు చదివించారు, ఉద్యోగం చేసింది, డబ్బు కూడబెట్టింది. 1996లో వీలునామా రాయకుండా చనిపోయింది. నలభై ఏళ్లలో ఒక్కసారి పలకరించని భర్త తరఫు వాళ్లు, ఆయన సోదరి కొడుకులు, వచ్చి ఆ సొమ్ము అడిగారు. 2009లో సుప్రీంకోర్టు వాళ్లకే ఇచ్చింది. సానుభూతితో చట్టాన్ని మార్చలేమంది.

దీనికి మందు ఒక్క కాగితం. వీలునామాకు స్టాంపు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిదే. మీరు సంతకం పెట్టాలి, ఇద్దరు సాక్షులు చూసి సంతకం పెట్టాలి. ఆస్తి పొందేవాళ్లను సాక్షులుగా పెట్టొద్దు. పోయిన నెల రిటైరైన ఒక టీచరమ్మ గారు స్కూలు నోటుబుక్కులో కాగితం చింపి, మార్జిన్ గీసి, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకొచ్చారు. తన పీఎఫ్ డబ్బు, ఒక ప్లాటు, రెండు గాజులు, చెల్లెలి కూతురికి. కింద సాక్షుల కోసం రెండు గీతలు కూడా గీసి పెట్టారు. మా ఆఫీసు అటెండరు, నేను సంతకాలు చేశాం.